ఆ దారి మీద ఎవరు ఎవరితో పోరాడారు?

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. ఇటలీలో రిమినీ నుంచి పియాచెంజా దాకా వెళ్ళే వియా ఎమీలియా రోడ్డును పట్టుకుని, దాని పొడవునా ఉన్న స్మారకాల మీద రాయాలన్న ఆలోచన నాకు నచ్చింది. క్రీస్తుపూర్వం 187లో రోమన్లు వేసిన దారి మీద ఇవాళ్టికీ లారీలు తిరుగుతున్నాయంటే ఎవరికైనా చదవాలనిపిస్తుంది.

ఇక తిట్లు. "స్వేచ్ఛ కోసం ప్రాణాలర్పించిన త్యాగధనులు" అన్న వాక్యం మోదెనాలోనూ ఉంది, పార్మాలోనూ ఉంది, రెజ్జో ఎమీలియాలోనూ ఉంది. చదివేవాడికి వచ్చే మొదటి అనుమానం, ఎవరితో పోరాడారు అని. నువ్వు ఒక్క చోటా చెప్పలేదు. తుపాకీ ఎవరి చేతిలో ఉందో చెప్పకుండా అమరుల గురించి రాస్తే అది సంతాప సభలో ఉపన్యాసంలా ఉంటుంది.

మోదెనా సంగతే చూడు. తిరుగుబాటుకు పథకం వేసిన చీరో మెనోత్తీని 1831 మే 26న ఉరితీయించింది సొంత ఊరి డ్యూకే, నాలుగో ఫ్రాంచెస్కో. ఇప్పుడు మెనోత్తీ విగ్రహం ఉన్నది ఎక్కడనుకున్నావు? ఆ డ్యూక్ రాజభవనం ఎదురుగా! విగ్రహం పెట్టినవాళ్ళు ఆ చోటు ఊరికే ఎంచుకున్నారంటే నేను నమ్మను. నువ్వేమో విగ్రహాన్ని వర్ణించి, వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కేశావు.

పార్మాలో 1922 ఆగస్టులో పోరు ఇటాలియన్లకూ ఇటాలియన్లకూ మధ్య. ఫాసిస్టు నాయకుడు ఇతాలో బాల్బో వేలమంది ఫాసిస్టులను వెంటేసుకుని వచ్చాడు. ఓల్త్రెతొర్రెంతె పేటలోని కూలి జనం రోడ్లు తవ్వి, బళ్ళూ చర్చి బెంచీలూ అడ్డం వేసి నిలబడ్డారు. బాల్బో వెనక్కి పోవాల్సి వచ్చింది. అయినా ఆ అక్టోబరులోనే ముస్సోలినీ ప్రధాని అయ్యాడు. ఈ చివరి వాక్యం వదిలెయ్యకు. రెజ్జో ఇంకా చిక్కు. 1797 జనవరి 7న ఇటలీ మూడు రంగుల జెండా పుట్టిన ఊరది. అదే ఊళ్ళో 1960 జులై 7న నిరసనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపితే అయిదుగురు చనిపోయారు. అప్పటికి ఫాసిజమూ లేదు, రాజూ లేడు, ఉన్నది గణతంత్రమే. ఇవన్నీ ఒకే పోరాటం అని నువ్వెలా రాశావో నాకు అర్థం కాలేదు.

నువ్వు తొందరగా దాటేసింది చెర్వి కుటుంబాన్ని. అక్కడ ఆగాలి. గత్తాతికోలో కౌలు రైతులు, ఏడుగురు అన్నదమ్ములు. వాళ్ళలో ఆల్దో ట్రాక్టరుతో పాటు ఒక గ్లోబు కూడా కొని ఇంటికి తెచ్చాడు. 1943 జులై 25న ముస్సోలినీ పడిపోయాడని తెలియగానే, పాస్తా వండి, వెన్నా చీజూ కలిపి, పాలక్యాన్లలో పోసి బండి మీద కాంపెజినే ఊరి నడిబొడ్డుకు తీసుకెళ్ళి అందరికీ పెట్టారు. అయిదు నెలలు దాటాయో లేదో, డిసెంబరు 28న, ఏడుగురినీ ఫాసిస్టులు కాల్చేశారు. ఇప్పటికీ జులై 25న అక్కడ పాస్తా వండుతారు. ఆ పాలక్యాన్లు రాయి చాలు, "త్యాగం" అన్న మాట అవసరం పడదు.

బొలోన్యాలో గోడ కూడా అంతే. నెప్తూన్ చౌకులో పార్టిజాన్లను, అంటే ఫాసిస్టులతోనూ నాజీలతోనూ పోరాడిన సాయుధ ప్రతిఘటన దళాలవాళ్ళను, నిలబెట్టి కాల్చిన గోడ అది. 1945 ఏప్రిల్ 21న ఊరు విముక్తి అయ్యాక ఇళ్ళవాళ్ళు ఫొటోలూ పూలూ తెచ్చి ఆ గోడకే పెట్టడం మొదలుపెట్టారు. ఏ కమిటీ చెప్పిందని కాదు. ఇప్పుడక్కడ దాదాపు 2,000 ముఖాలు. నువ్వు "ఫొటోల స్మారకం ఉంది" అని తేల్చేశావు. ఒక్క ముఖం దగ్గరైనా నిలబడి పేరు చదివావా?

ఫోర్లీ గురించి ఒక మాట. అక్కడ భారత సైనికుల శ్మశానం ఉంది, దహనం చేసినవాళ్ళ పేర్లతో స్మారకమూ ఉంది. తమ దేశానికే స్వాతంత్ర్యం లేని రోజుల్లో, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం తరఫున వచ్చి అక్కడ పోయినవాళ్ళు. మనవాళ్ళని చెప్పి ఛాతీ విరుచుకోకు. ఆ వైరుధ్యాన్ని ఒక్క పేరాలో, గొంతు పెంచకుండా చెప్పు.

రిమినీ బీచ్ పేరా తీసెయ్. ఊళ్ళను రోడ్డు వరుసలోనే చెప్పాలనే టెన్షనూ పెట్టుకోకు, చెర్వి ఇంటితోనే మొదలుపెట్టొచ్చు. తిరగరాశాక పంపు, సంక్రాంతి లోపు అయితే ఇంకా మంచిది, ఆ తర్వాత నేను ఊళ్ళో ఉండను.

ఆశీస్సులతో.