కుంచె నోట్లో పెట్టుకోకు, మిగతావి తర్వాత

చిరంజీవి అమ్మాయికి,

అత్త ఆశీస్సులు. గ్వాష్ రంగులు, అవే నీళ్లతో కలిపి కింది రంగు కనబడకుండా పూసేవి, కొన్నావనీ, ఆదివారాలు గోల్కొండ దగ్గర, హుస్సేన్ సాగర్ గట్టు మీద కూర్చుని బొమ్మలు వేస్తానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. సంతోషం సంగతి ఎదురుపడ్డప్పుడు చెబుతాను. భయాలు అంతవరకు ఆగవు కాబట్టి అవి ముందు.

కుంచె మొనను పెదాలతో సన్నం చేసే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఇప్పుడు కొన్న డబ్బాలో కాడ్మియం పసుపు, కాడ్మియం ఎరుపు, కోబాల్ట్ నీలం ఉండవచ్చు. లోహాలతో చేసిన ఆ రంగులు కడుపులోకి పోవలసినవి కావు. అలాగే టీ కప్పు ఎడమవైపు, కుంచె కడిగే నీళ్లు కుడివైపు. నవ్వకు. రంగు నీళ్లు గుక్కెడు తాగిన మనిషి మన ఇంట్లోనే ఉన్నాడు. ఎవరో మీ నాన్నను అడుగు, ముఖం చూస్తే తెలిసిపోతుంది.

కాగితం మందంగా ఉండాలి, 300 జీఎస్ఎంకి (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) తగ్గకుండా కొను. రంగులు ఓ అరడజను చాలు: అల్ట్రామెరైన్ నీలం, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్ అనే పసుపు మట్టి రంగు, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి గోధుమ రంగు, ఏదో ఒక ఎరుపు, తెలుపు. తెలుపు మాత్రం పెద్ద ట్యూబు తీసుకో, అదే ముందు అయిపోతుంది. మెరిసే గులాబీ రంగుల జోలికి పోకు, వెలుతురు తగిలితే వెలిసిపోతాయి. ట్యూబు మీద ‘ఆక్రిలిక్ గ్వాష్’ అని ఉందేమో చూసుకో. అది ఒకసారి ఆరిందంటే మళ్లీ కరగదు, దాని పద్ధతే వేరు. నేను చెప్పేదంతా తుమ్మబంకతో కలిపిన మామూలు గ్వాష్ గురించి. డబ్బులు దండగ అనిపిస్తే పోస్టర్ కలర్ సీసాలతోనే మొదలుపెట్టు, నేర్చుకోవడానికి వాటికేమీ తక్కువ లేదు.

బట్టల మిల్లుకు డిజైన్లు గీసినన్నాళ్లూ నేను బతికింది ఈ రంగుల మీదే. అక్కడ కుంచె జాడ కనబడిందా, కాగితం వెనక్కి వచ్చేది. రంగు ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా పరుచుకోవాలి, అంచు వణకకూడదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో దక్కనీ సూక్ష్మచిత్రాల ముందు కాసేపు నిలబడు. అవీ బంకతో కలిపిన, కింది రంగును కప్పేసే రంగులే. కనురెప్ప వెంట్రుకలు కూడా విడివిడిగా కనబడతాయి. అదే రంగుతో నువ్వు కుంచె జాడ దాచకుండా, స్వేచ్ఛగా వేస్తానంటున్నావు. వేయి. నేను కూడా ఉద్యోగం మానేశాకే ఆ దారి పట్టాను, చెయ్యి చాలాకాలం మాట వినలేదు.

చెయ్యి గబగబా ఆడిస్తే స్వేచ్ఛ వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు. ఎక్కువసేపు చూడాలి, తక్కువసార్లు తాకాలి. గోల్కొండ గోడనే తీసుకో. కళ్లు సగం మూసి చూడు: రాళ్లు మాయమై ఎండ పడిన భాగం ఒకటి, నీడ భాగం ఒకటి మిగులుతాయి. ఆ రెండింటినీ వెడల్పాటి చదును కుంచెతో పలచగా పరిచెయ్యి. నీడ నలుపు అనుకుంటావు, కాదు. నీలం, బర్న్ట్ సియెన్నా కలిపి చూడు. ఆరాక, నీళ్లు బాగా తుడిచేసిన కుంచెకు చిక్కటి రంగు అంటించి, వెలుగు నీడ కలిసే చోట రెండు మూడు రాళ్ల మీద మాత్రం ఒరిపించు. కాగితం గరుకు మీద రంగు తెగితెగి పడుతుంది. మిగతా గోడంతా రాళ్లున్నాయని చూసేవాళ్లే అనుకుంటారు. నువ్వు ప్రతి రాయీ పెట్టావంటే అది గోడ బొమ్మ కాదు, తాపీమేస్త్రీ లెక్క.

ఇక మీ నాన్న సంగతి. ఆయన బొమ్మలు వేసేవాడని నీకు తెలియదు కదా. రాజమండ్రిలో ఉన్న రోజుల్లో ఇద్దరం చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్లేవాళ్లం. 1925లో, ముప్పై నిండకుండానే పోయిన మనిషి అంత పని ఎప్పుడు చేశాడా అని మీ నాన్న బొమ్మల ముందు నుంచి కదిలేవాడు కాదు. ఒక ఉదయం పోస్టర్ కలర్లు పట్టుకుని గోదావరి గట్టుకు వెళ్లాడు. హేవ్‌లాక్ వంతెన మీద ఇంకా రైళ్లు తిరుగుతున్న కాలం అది. అరగంటలో వేశాడు. నది అంతా ఒకే వెడల్పాటి పూత. వంతెన దగ్గర నాలుగైదు స్తంభాలు తెలుస్తాయి, ఆ తర్వాత పొగమంచులో కలిసిపోయి ఒక నీలి చార. పడవకు ఒకే ఒక్క తాకు. మిల్లులో అంచులు దిద్దే నాకు అది చూడగానే అసూయ వేసింది.

ఇంటికి తెచ్చి అరుగు మీద ఆరబెట్టాడు. పక్కింటాయనది రైల్వే ఉద్యోగం. వచ్చి చూసి, “దీనికి 56 ఖానాలు బాబూ, నువ్వు పది కూడా వేయలేదే” అన్నాడు. ఖానా అంటే రెండు స్తంభాల మధ్య భాగం. ఆయన తప్పేమీ లేదు, ఆయన లెక్క ఆయనది. మీ నాన్న మాత్రం మళ్లీ కుంచె తీశాడు. పొగమంచులో స్తంభాలు వేయబోతే తడి కుంచె కింది పూతను కరిగించింది. నీలం, తెలుపు కలగలిసి బూడిద రంగయింది. అది సరిచేయడానికి నది రంగు మళ్లీ కలిపాడు. తడిగా ఉన్నప్పుడు సరిగ్గానే కలిసింది. ఆరాక ముదిరి మచ్చగా తేలింది. ఆ మచ్చను కప్పడానికి ఇంకొంచెం తెలుపు. అప్పటికి నది సుద్ద పూసిన గోడయింది. చీకటి పడే వేళకు, ఏదైనా మిగులుతుందేమోనని స్తంభాల చుట్టూ నల్ల గీతలు గీశాడు. రాత్రి అన్నం దగ్గర మాట్లాడలేదు. మర్నాడు సీసాలన్నీ అటక మీదికి పోయాయి. ఎన్నిసార్లు అడిగినా “నా వల్ల కాదులే” అనే అన్నాడు.

ఆయన చెయ్యి చెడ్డది కాదమ్మా. ఈ రంగు గుణం ఆయనకు ఎవరూ చెప్పలేదు. లేత రంగులు ఆరితే కాస్త ముదురుతాయి, ముదురు రంగులు ఆరితే లేతబడతాయి. అందుకే కలిపిన ప్రతి రంగునూ అదే కాగితం ముక్క మీద పూసి ఆరనిచ్చి, అప్పుడు బొమ్మ మీద పెట్టు. ఆరిన పూత మీదికి పోవాలంటే రంగు మీగడలా ఉండాలి, కుంచెలో నీళ్లు ఉండకూడదు, ఒక్కసారి ఆనించి తీసెయ్యాలి. రుద్దావా, కింద ఉన్నది లేచి వస్తుంది. మరీ మందంగా వేసినా పగుళ్లిస్తుంది. లేత చెయ్యాలంటే ప్రతిసారీ తెల్ల ట్యూబు వెతకకు, ఆకుపచ్చకు పసుపు కలిపితే చాలు.

నువ్వు అచ్చం మీ నాన్న కూతురివి. ‘అ’ బాగా రాలేదని పలక చెరిపి చెరిపి ఏడ్చేదానివి, నేను వచ్చి లాక్కుంటే గానీ వదిలేదానివి కాదు. గోల్కొండ గోడ దగ్గర నీ చేతిలోంచి కుంచె లాక్కోవడానికి నేను ఉండను. ఫోనులో అలారం పెట్టుకో. మోగగానే లేచి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడు. తప్పు కనబడితే దాన్ని అలాగే వదిలి, పక్కన కొత్త కాగితం మీద మళ్లీ వేయి. కాగితం పోస్టుకార్డంతే ఉంటే ఖర్చని బాధ ఉండదు.

ఎండాకాలం అక్కడ రంగు పళ్లెంలోనే ఎండిపోతుంది. రంగు కింద తడి గుడ్డ పరుచుకో, నీళ్లు చిమ్మే సీసా ఒకటి ఉంచుకో. వానాకాలం డబ్బా తడిగా మూసిపెడితే బూజు పడుతుంది. టోపీ పెట్టుకో. చీకటి పడకముందే ఇల్లు చేరు. ఒక్కదానివే వెళ్లకు, ఈ మాట మీ అమ్మ చెప్పమంటే చెప్పడం లేదు.

వచ్చే వారం నా చదును కుంచెలు పార్సిల్లో పంపుతాను. వెంట్రుకలు కొంచెం రాలాయి గానీ గరుకు తాకులకు అవే మేలు. దసరాకు వచ్చేటప్పుడు వేసినవన్నీ పట్టుకురా. బాగున్నవి ఏరుకుని రాకు, పాడైనవే నాకు ముందు చూపించాలి. మీ నాన్న గదిలోకి వచ్చినా దాచకు.

ప్రేమతో,
అత్త