నవలను స్క్రీన్‌ప్లేగా మలచడం నేర్చుకోవడానికి కోర్సు తప్పనిసరా?

తప్పనిసరి కాదన్నది నా అభిప్రాయం. ఒక సంస్థలో మూడు నెలలు కూర్చుని, మూడు అంకాల నిర్మాణం (కథను ఆరంభం, సంఘర్షణ, ముగింపుగా విడదీయడం) గురించి నోటుపుస్తకం నిండా రాసుకుని బయటికి వచ్చాక కూడా నాకు ఒక్క సీను రాయడం రాలేదు. అక్కడ విదేశీ చిత్రాలు చూపించారే తప్ప, ఒక్క తెలుగు నవలనైనా మా చేత తెరిపించిన పాపాన పోలేదు.

నాకు నేర్పింది మా అమ్మ వారపత్రికల నుంచి చింపి, దారంతో కుట్టి దాచుకున్న ఒక సీరియల్ నవల. కొడుక్కి దూరపు ఊరికి బదిలీ అయిందని విన్న తల్లి మనసులో ఏమనుకుందో అందులో రచయిత్రి రెండు పేజీలు రాశారు. దాన్నంతా వాయిస్ ఓవర్‌గా, అంటే తెర మీద ఎవరూ పలకకుండా వెనుక నుంచి వినిపించే మాటలుగా పెట్టి, తెలిసిన ఒక సీనియర్ కో-డైరెక్టర్‌గారికి చూపించాను. ఆయన ‘ఆమెకు గుర్తొచ్చింది’, ‘ఆమె గుండె బరువెక్కింది’ వంటి ప్రతి వాక్యం కిందా ఎర్ర పెన్సిలుతో గీత గీసి, “ఇది కెమెరాకు ఎలా తెలుస్తుంది బాబూ? ఆవిడ అప్పుడు ఏం పని చేస్తోంది?” అని అడిగారు. నవలలో ఆవిడ ఏ పనీ చేయడం లేదు, కిటికీ దగ్గర నిలబడి ఉంది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ఆవకాయ కోసం మామిడి ముక్కల్లో జీడి తీసి గుడ్డతో తుడుస్తోంది. ఆ రాత్రే సీను తిరగరాశాను. కొడుకు కబురు చెప్పి లోపలికి వెళతాడు. తల్లి ఏమీ అనకుండా పెద్ద జాడీని అటక మీద పెట్టేసి, చిన్న జాడీ దించుకుంటుంది. కో-డైరెక్టర్‌గారు చదివి తల ఊపి, “షూటింగ్ డిసెంబరులో పడితే మామిడికాయలు ఎవరు తెస్తారు?” అన్నారు.

సీరియల్ నవలలతో మరో చిక్కు ఉంది. ప్రతి వారం ఉత్కంఠ దగ్గర ఆపడం వాటి అలవాటు కనుక, ఏ మలుపు చూసినా ఇంటర్వెల్‌లాగే కనిపిస్తుంది. ఆ మలుపుల్లో ఒక్కదాన్ని ఉంచుకుని మిగిలినవాటిని నిర్దాక్షిణ్యంగా తీసేయాలి. కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’ చదివి, దాని ఆధారంగా 1964లో వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’ చూస్తూ, ఏమి పోయిందో, ఏమి చేరిందో కాగితం మీద రాసుకుంటే ఏ తరగతి గదిలోనూ దొరకని పాఠం దొరుకుతుంది. ఇంత సంపద పెట్టుకుని తెలుగులో కథలు లేవని వాపోయేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నా స్క్రీన్‌ప్లే మాత్రం బీరువాలోనే ఉంది. రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ల వరకు హక్కులు వారసులవేనని తెలిసినా, ముందుగా విచారించలేదు. నేను వెళ్లేసరికి ఆ నవల హక్కులు ఎవరో కొనుక్కున్నారు. అందుకే ఈసారి 1958లో మరణించిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని ఎంచుకున్నాను. అందులోని ముఖ్యపాత్ర సంగదాసు మరణాన్ని ఇంటర్వెల్‌కు ముందు పెట్టాలో, తరువాత పెట్టాలో తేలక ప్రస్తుతం అక్కడే ఆగి ఉన్నాను.