ఐ.ఎం.ఏ. క్యాడెట్‌కు ఏ విభాగం దక్కుతుందో ఎలా నిర్ణయిస్తారు?

డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ (ఐ.ఎం.ఏ.)లో చివరి టర్మ్ చదువుతున్న మీ అబ్బాయికి సిగ్నల్స్, అంటే సైన్యంలో సమాచార వ్యవస్థను చూసే విభాగం రావాలంటే ఏం చేయాలని, ఢిల్లీలో ఎవరినైనా కలిస్తే ఉపయోగం ఉంటుందా అని అడిగారు. రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: ఉండదు, దయచేసి ఆ ప్రయత్నం చేయకండి. మొదటిదానికి కొంత వివరంగా చెప్పాలి. నేను అదే అకాడమీ నుంచి ఆర్టిలరీ (ఫిరంగి దళం)లోకి వెళ్లి, అక్కడే పదవీ విరమణ చేసినవాణ్ని కనుక ఇందులో కొంత స్వయంగా చూసినది, కొంత నాతోపాటు బయటికి వచ్చిన అధికారుల వల్ల తెలిసినది.

సైన్యమా, నౌకాదళమా, వైమానిక దళమా అన్న తేడా అకాడమీలో అడుగు పెట్టకముందే, యు.పి.ఎస్.సి. దరఖాస్తులో రాసిన ప్రాధాన్యం, మెరిట్, వైద్య పరీక్షల ఆధారంగా తేలిపోతుంది. ఐ.ఎం.ఏ.లో చేరినవారికి మిగిలేది సైన్యంలోపలి విభజన. అందులో ఆర్మ్స్, సర్వీసెస్ అని రెండు పాయలు ఉన్నాయి. ఆర్మ్స్‌లో ఇన్‌ఫాంట్రీ (పదాతి దళం), ఆర్మర్డ్ కోర్ (ట్యాంకుల దళం), మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ (సాయుధ వాహనాల్లో కదిలే పదాతి దళం) నేరుగా పోరాడే దళాలు. ఆర్టిలరీ, ఇంజనీర్స్, సిగ్నల్స్, ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ వంటివి వాటికి పక్కనే ఉండి తోడ్పడేవి. ఆర్మీ సర్వీస్ కోర్, ఆర్డ్‌నెన్స్, ఈ.ఎం.ఈ. (యంత్రాలు, ఆయుధాల మరమ్మతు చూసే ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్) మొదలైన సరఫరా, నిర్వహణ విభాగాలు సర్వీసెస్ కిందికి వస్తాయి.

చివరి టర్మ్‌లో క్యాడెట్లు తమ కోరికలను వరుసక్రమంలో రాసి ఇస్తారు. ఏ విభాగానికి ఎందరు కావాలో సైనిక ప్రధాన కార్యాలయంలోని మిలిటరీ సెక్రటరీ శాఖ నిర్ణయిస్తుంది. ఆ ఖాళీలు, క్యాడెట్ కోరిక, అకాడమీ మెరిట్ జాబితాలో అతని స్థానం, ఈ మూడూ కలిసే చోట ఫలితం తేలుతుంది. మెరిట్ అంటే తరగతి గదిలోని మార్కులే అని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు, కానీ వ్యాయామం, ఆయుధ శిక్షణ, డ్రిల్, క్షేత్ర విన్యాసాల్లో చూపిన నాయకత్వం, శిక్షకులు గమనించే అధికారి లక్షణాలు అన్నీ అందులో చేరతాయి. అయితే జాబితాలో పైనున్న వారందరూ ఒకే విభాగం కోరుకుంటే అందరినీ అక్కడికే పంపరు. ప్రతి విభాగానికీ జాబితాలోని పై భాగం నుంచీ, మధ్య నుంచీ, కింది నుంచీ అధికారులు అందేలా ఖాళీలను పంచడం ఈ పద్ధతిలోని కీలకమైన సంగతి. అందువల్లే ఒక్కొక్కసారి మంచి ర్యాంకు ఉన్న క్యాడెట్‌కు రెండో మూడో కోరిక దక్కి, అతనికంటే చాలా కింద ఉన్న మిత్రుడికి మొదటి కోరికే దక్కడం చూస్తాం. చూసేవారికి అన్యాయంలా అనిపించినా, ప్రతిభంతా ఒకే చోట పోగుపడకుండా చూసుకోవడం సైన్యానికి అవసరం. నేను ఇంజనీరింగ్ చదివాను కనుక ఇంజనీర్స్‌ను మొదట, ఆర్టిలరీని రెండోదిగా రాశాను. రెండోదే వచ్చింది. ఎందుకని ఎవరినీ అడగలేదు, అడిగే ఆనవాయితీ కూడా లేదు.

మీ అబ్బాయికి ఇంజనీరింగ్ డిగ్రీ ఉందన్నారు. ఇంజనీరింగ్ పట్టభద్రులను తీసుకునే టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు ద్వారా చేరి ఉంటే ఇంజనీర్స్, సిగ్నల్స్, ఈ.ఎం.ఈ. వైపు వెళ్లే అవకాశం సహజంగానే ఎక్కువ. పట్టభద్రులకు యు.పి.ఎస్.సి. పెట్టే సి.డి.ఎస్. పరీక్ష రాసి వచ్చి ఉంటే డిగ్రీ ఒక అనుకూలతే తప్ప హామీ కాదు. ఇంటర్ తరువాత నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్.డి.ఏ.)లో చేరి ఇంజనీరింగ్ చదవని క్యాడెట్లు కూడా సిగ్నల్స్‌కు వెళతారు. వారిని తరువాత మధ్యప్రదేశ్‌లోని మౌలో ఉన్న సైనిక టెలికమ్యూనికేషన్ కళాశాలలో సైన్యమే చదివిస్తుంది.

ఇన్‌ఫాంట్రీ వాటా పెద్దది కనుక, అది వచ్చే అవకాశాన్ని మీరు మనసులో ఉంచుకోవాలి. అక్కడ విభాగం కంటే రెజిమెంటు ముఖ్యం. తండ్రి ఏ రెజిమెంటులో పనిచేశాడో అందులోనే చేరాలని కొడుకు కోరవచ్చు. దీన్ని పేరెంటల్ క్లెయిమ్ అంటారు, దీనికి మంచి విలువ ఇస్తారు. మీ కుటుంబంలో సైనికులు లేరు కనుక ఇది మీకు వర్తించదు. తెలుగువాడు కాబట్టి, దక్షిణాది జవాన్లు ఉండే మద్రాస్ రెజిమెంటుకే వెళతాడని కూడా లేదు. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఎన్.డి.ఏ., ఐ.ఎం.ఏ. మీదుగా 2004లో బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌లో చేరారు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణాలు అర్పించేనాటికి ఆయన అదే బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసరు. జవాన్ల భాష, పండుగలు, తిండి అధికారి తనవి చేసుకోవలసిందే. నేను చేరిన ఫీల్డ్ రెజిమెంటులో సిక్కు జవాన్లు ఎక్కువ కనుక ఏడాది తిరిగేసరికి నాకు పంజాబీ వచ్చింది. మా అమ్మగారికి మాత్రం అది చివరిదాకా వింతగానే ఉండేది.

సర్వీసెస్ వస్తే సుఖం, ఆర్మ్స్ వస్తే కష్టం అన్న లెక్క మన ఊళ్లలో తరచుగా వింటాను. అది పూర్తిగా నిజం కాదు. సర్వీసెస్‌లో చేరిన యువ అధికారులను కూడా మొదట్లో కొంతకాలం ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లకు జతచేసి సరిహద్దుల్లో పనిచేయిస్తారు. ఆర్టిలరీ అధికారి ఎప్పుడూ ఫిరంగుల దగ్గరే ఉంటాడనుకోవడమూ పొరపాటే. చిన్న వయసులో అతను పరిశీలకుడిగా ఇన్‌ఫాంట్రీ కంపెనీతోపాటు ముందు వరుసలో నడుస్తూ వెనకనున్న ఫిరంగులకు గురి చెబుతాడు. విభాగం ప్రభావం నిజంగా కనిపించేది పదోన్నతి దగ్గర. కల్నల్ ఖాళీలను విభాగాల మధ్య పంచిన 2009 నాటి విధానం ఇన్‌ఫాంట్రీకి, ఆర్టిలరీకి మేలు చేస్తుందని ఇతర విభాగాల అధికారులు న్యాయస్థానానికి వెళ్లగా, 2016లో సుప్రీంకోర్టు ఆ విధానాన్ని సమర్థించింది. ఇరవై రెండేళ్ల కుర్రవాడు ఫారం నింపేటప్పుడు ఇవన్నీ ఆలోచించడు, ఆలోచించనక్కరలేదని నా అభిప్రాయం.

పోల్చి చూడాలంటే, అమెరికాలోని వెస్ట్ పాయింట్ అకాడమీ 2006 బ్యాచ్ నుంచి క్యాడెట్లకు ఒక బేరం ఇచ్చింది: అదనంగా మూడేళ్లు సేవ చేస్తానని రాసిస్తే కోరుకున్న విభాగానికి ప్రాధాన్యం పెరుగుతుంది. మన దగ్గర అటువంటి ఏర్పాటు లేదు, చేయగలిగింది మెరిట్ పెంచుకోవడమే.

అందువల్ల మీ అబ్బాయికి నేను చెప్పేది ఇదే: సిగ్నల్స్ నిజంగా ఇష్టమైతే దాన్నే మొదట రాయాలి, రాదేమోనన్న భయంతో వ్యూహాలు పన్నకూడదు. రెండో మూడో గడులను అజాగ్రత్తగా నింపడం చాలామంది చేసే పని. ఆ గడుల్లో రాసినదే దక్కే అవకాశం చాలా ఉంది కనుక, ఆ విభాగాల నుంచి వచ్చిన శిక్షకులతో కూర్చుని మాట్లాడి మరీ రాయాలి. టర్మ్‌లో మిగిలిన వారాల్లో పరుగు, క్యాంపులు, పరీక్షలు దేన్నీ వదలకూడదు. తరువాత రెజిమెంటు బ్యాడ్జీలు, బెరెట్ టోపీతో కొత్త యూనిఫాం కుట్టించుకోవలసి వస్తుంది కనుక, ఫలితం పాసింగ్ అవుట్ పరేడ్‌కు ముందే తెలుస్తుంది. సిగ్నల్స్ వస్తే ప్రాథమిక కోర్సు మౌలో, ఆర్టిలరీ అయితే మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో, ఈ.ఎం.ఈ. అయితే మన సికింద్రాబాద్‌లోనే. పరేడ్ రోజు భుజాలపై నక్షత్రాలు పెట్టడానికి తల్లిదండ్రులను కూడా పిలుస్తారు. రైలు టికెట్లు మాత్రం ఇప్పుడే తీసుకోండి.