జామ ఆకు ఎర్రబారుతోంది: వేళ్లు తవ్వి చూశారా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలం. ఎర్రనేల, డ్రిప్పు ఉంది. రెండెకరాల్లో మూడేళ్ల తైవాన్ పింక్ జామ. ఏడాదిగా ఆకులు ఎర్రబారి అంచులు మాడుతున్నాయి, కాయ ఊరడం లేదు. నాలుగైదు చెట్లు నిలువునా ఎండిపోయాయి. మందుల షాపులో జింకు లోపమంటే సూక్ష్మపోషకాలు మూడుసార్లు కొట్టాను. ఎండు తెగులంటే కార్బెండజిమ్ మొదళ్లలో పోశాను. మొదటి ఏడాది సాళ్ల మధ్య టమోటా వేశాను. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ పిచికారీలు ఆపండి. మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే ఇది వేరుబుడిపె నులిపురుగు (వేళ్లలో చేరి బుడిపెలు పుట్టించే, కంటికి కనిపించనంత సన్నని పురుగు) పనిలాగే ఉంది. వేరు పాడైతే నేలలో జింకు ఉన్నా చెట్టు తీసుకోలేదు, అందుకే ఆకు ఎర్రబారుతుంది. ఎండు తెగులు శిలీంద్రం కూడా ఈ పురుగు చేసిన గాయాల్లోంచి సులువుగా లోపలికి పోతుంది.

ఎండిన చెట్టు దగ్గర తవ్వొద్దు, అక్కడ వేళ్లు కుళ్లిపోయి ఏమీ తెలియదు. ఇప్పుడిప్పుడే ఎర్రబారుతున్న చెట్టు దగ్గర డ్రిప్పర్ కింద జానెడు లోతు తవ్వి, సన్నవేళ్లు తీసి నీళ్లలో కడగండి. ఈ పురుగు ఉంటే పూసలు గుచ్చినట్టు బుడిపెలు కనిపిస్తాయి. వేరుశనగ వేళ్ల మీది నత్రజని బుడిపెలు గోటితో గీరితే ఊడొస్తాయి. ఇవి రావు, ఎందుకంటే వేరే ఉబ్బి ఉంటుంది.

బుడిపెలుంటే పరీక్షకు పంపండి. ఐదారు చెట్ల దగ్గర 15 నుంచి 30 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి కలిపి పావుకిలో, దాంతోపాటు గుప్పెడు సన్నవేళ్లు పాలిథిన్ కవర్లో కట్టాలి. మామూలు మట్టి నమూనాలా నీడన ఆరబెట్టకండి, ఆరితే పురుగు చచ్చి పరీక్షలో దొరకదు. ఎండ తగలనీయకుండా అదేరోజు రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి, ఎక్కడ పరీక్ష చేయించాలో అడగండి. వేల రూపాయల మందు కొట్టేముందు చేయాల్సిన పని ఇది. చెట్టును చూడకుండా, వేరు తవ్వమని చెప్పకుండా డబ్బాలు చేతిలో పెట్టే డీలరు మాట మీద తోటను నడపకండి.

సగానికి పైగా ఎండిన చెట్లను వేళ్లతో సహా పెకలించి అక్కడే కాల్చేయండి, తోటంతా ఈడ్చుకుపోవద్దు. మిగతావాటికి 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (తెగులు శిలీంద్రాలను అణిచే మేలుచేసే శిలీంద్రం), 2 కిలోల పర్‌ప్యూరియోసిలియం లిలాసినం (నులిపురుగు గుడ్లను తినే శిలీంద్రం) కలిపి, నీడన తడి గోనెసంచులు కప్పి పది రోజులు ఉంచండి. రోజూ కొద్దిగా నీళ్లు చల్లుతుండాలి. ఇది 20 చెట్లకు వస్తుంది. చెట్టుకు 5 కిలోల చొప్పున డ్రిప్పర్ల కింద మట్టిలో కలిపి తడి ఇవ్వండి. మూడు నెలలకోసారి మళ్లీ వేయాలి. కార్బెండజిమ్ పోసి 15 రోజులు దాటకుండా మాత్రం వేయొద్దు, పోసిన మందు ట్రైకోడెర్మాను కూడా చంపేస్తుంది. పురుగు పూర్తిగా పోదు, తగ్గుతుంది. కొత్త వేర్లు వచ్చాకే లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేట్, రెండున్నర గ్రాముల సున్నం కలిపి పిచికారీ చేయండి. గుళికలు, రసాయన మందులు ఎవరైనా ఇస్తే లేబుల్ మీద జామ పేరు ఉందో లేదో చదివాకే కొనండి.

సాళ్ల మధ్య టమోటా, వంగ, మిరప, దోసజాతి పైర్లు ఇక వద్దు. ఈ పురుగును పోషించేవి అవే. బంతి గానీ జనుము గానీ వేసి, పూత దశలో దున్నేయండి. పక్క తోటలో తిరిగిన ట్రాక్టరు మట్టి కడగనిదే మీ గట్టు దాటనీయకండి.

ఇంత చెప్పినా అసలు తప్పు మొక్కలు కొన్నరోజే జరిగి ఉండొచ్చు. నర్సరీ కవర్లలోని మట్టితోనే ఈ పురుగు ఊళ్లు దాటుతోంది. తమిళనాడు తోటల్లో ఇదే చూశాం. ఇకమీద ఎక్కడ కొన్నా వందకు రెండు మూడు మొక్కల కవరు చించి, వేరు కడిగి చూడండి. చూడనీయకపోతే ఆ నర్సరీలో కొనొద్దు. చెట్లు తీసిన గుంతల్లో మాత్రం రెండేళ్ల వరకూ జామ పెట్టకండి, ఎండాకాలమంతా తెరిచి ఉంచి, వానలకు బంతి నాటండి.