పార్కింగ్ చీటీ ఉన్నా చలాన్ ఎందుకొచ్చింది?

ప్రశ్న: మాది కోవూరు. పోయిన నెల అమ్మను చూపించడానికి స్కూటీ మీద నెల్లూరు పొగతోటలోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. సెల్లారులో జాగా లేదని వాచ్‌మన్ పంపేశాడు. తొంగిచూస్తే లోపల ల్యాబు, మందుల షాపు ఉన్నాయి. రోడ్డు పక్కన పెడితే ఒకతను వచ్చి పది రూపాయలు తీసుకుని చీటీ చించి ఇచ్చాడు. అక్కడ నో పార్కింగ్ బోర్డు లేదు. పక్క షాపు గోడ మీద మాత్రం 'ఇక్కడ బండ్లు పెట్టరాదు' అని పెయింటుతో రాసి ఉంది. వారం తర్వాత చలాన్ అని మెసేజ్ వచ్చింది. అది మా నాన్నగారి నంబరుకు వచ్చింది. ఆయన పోయి ఏడాదిన్నర అయింది, బండి ఇంకా ఆయన పేరు మీదే ఉంది. డబ్బు తీసుకున్నాక మళ్లీ ఫైన్ ఏమిటి? కట్టకపోతే బండి తీసుకుపోతారా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు చలాన్ గురించి ఇంత వివరంగా రాసి, నాన్నగారి పేరు మీద ఉన్న బండి సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. నన్ను కంగారు పెట్టింది ఆ ఒక్క ముక్కే. అయినా ముందు మీరడిగింది చెప్పి, ఆ తర్వాత దాని దగ్గరికి వస్తాను.

అన్నిటికంటే ముందు, ఆ మెసేజ్ నిజమైనదేనా? ఈమధ్య చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైళ్లు) పంపి, నొక్కగానే ఫోనులోకి చొరబడి బ్యాంకు ఖాతా ఊడ్చేస్తున్నారు. మెసేజ్‌లోని లింకు జోలికి వెళ్లకండి. మీ అంతట మీరు పరివాహన్ ఈ-చలాన్ సైటు తెరిచి బండి నంబరు కొట్టండి. చలాన్ నిజమైతే అందులో తేదీ, సమయం, చోటు, ఏ సెక్షను అన్నవి ఉంటాయి, ఫొటో కూడా ఉండాలి. అది చూశాకే మిగతా మాటలు.

ఇక చీటీ. పార్కింగ్ రుసుము వేరు, చలాన్ వేరు. బండి ఎక్కడ ఆపవచ్చో నిర్ణయించే అధికారం మోటారు వాహనాల చట్టం 117వ సెక్షను కింద రాష్ట్ర ప్రభుత్వానికి, లేదా అది అధికారమిచ్చిన సంస్థకు ఉంటుంది. స్థానిక సంస్థను సంప్రదించి ఆ చోటు గుర్తిస్తారు. అలా గుర్తించిన చోట రుసుము వసూలును మున్సిపాలిటీ వేలం పాట పెట్టి కాంట్రాక్టరుకు ఇవ్వవచ్చు, సంతలో ఆశీలు పాట పాడుకున్నట్టే. కాబట్టి మీ చీటీని ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. కార్పొరేషన్ పేరు, వరుస నంబరు, రేటు, కాంట్రాక్టరు వివరం ఉన్నాయా? ఉంటే ఆ కాగితం మీ చేతిలో ఆయుధమే. నగరపాలక సంస్థ తరఫున డబ్బు తీసుకుని నిలబెట్టుకోమన్న చోటే పోలీసులు తప్పంటే, దానికి వాళ్లు జవాబు చెప్పుకోవాలి.

ఉత్త 'పార్కింగ్ రూ. 10' అని మాత్రమే అచ్చేసిన రంగు కాగితమైతే, అతను ఎవరో దారిన పోయేవాడు. ఆ చీటీ మిమ్మల్ని కాపాడదు. లేని అధికారం ఉన్నట్టు చూపి డబ్బు తీసుకున్నాడని అతని మీద మీరే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. పది రూపాయల కోసం స్టేషన్‌కు ఎవరు పోతారు అనుకుంటాం. అతనికి ధైర్యం ఇచ్చేదీ అదే.

షాపు గోడ మీది రాతకు ట్రాఫిక్ గుర్తు విలువ లేదు. 116వ సెక్షను ప్రకారం ట్రాఫిక్ బోర్డులు పెట్టే, పెట్టనిచ్చే హక్కు ప్రభుత్వానిది, అది అధికారమిచ్చిన సంస్థది. షాపాయన గోడ ఆయనదే కానీ రోడ్డు ఆయనది కాదు. మీ బండికి గొలుసు వేయడానికీ, గాలి తీయడానికీ ఆయనకు హక్కు లేదు. అయితే ఒక మెలిక ఉంది. ఆ గోడ పక్కనే ఆయన గేటుందా? ఉంటే రాత ఉన్నా లేకపోయినా గేటుకు అడ్డంగా పెట్టడం తప్పే.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 'బోర్డు లేదు కదా సార్' అంటారు. 122వ సెక్షనుకు బోర్డుతో పని లేదు. బహిరంగ స్థలంలో ప్రమాదం, అడ్డంకి, లేదా ఇతరులకు అనవసర ఇబ్బంది కలిగేలా బండి వదిలితే చాలు. దానికి తోడు 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలున్నాయి. ఫుట్‌పాత్ మీద, జీబ్రా గీతల మీద, బస్ స్టాపు దగ్గర, ఆసుపత్రి, బడి గేట్ల దగ్గర, ఆగి ఉన్న బండి పక్కన రెండో వరుసలో పెట్టకూడదని అవి చెబుతాయి. పొగతోట సందుల్లో అంబులెన్సు ఇరుక్కుని హారన్ మోగిస్తుంటే చూడని నెల్లూరు మనిషి ఉండడు. అందుకని మీ కేసంతా ఆ ఫొటోలో ఉంది. స్కూటీ ఆసుపత్రి గేటు ముందో, రెండో వరుసలోనో కనిపిస్తే వాదించడానికి ఏమీ మిగలదు. రోడ్డు అంచున, ఎవరికీ అడ్డం లేకుండా ఉంటే వాదన ఉంది.

ఫైన్ ఎంత అన్నది చలాన్‌లో రాసిన సెక్షనును బట్టి ఉంటుంది. వేరే శిక్ష చెప్పని తప్పులకు 177వ సెక్షను వాడతారు. 2019 సెప్టెంబరు 1 నుంచి దాని కింద మొదటిసారి 500, మళ్లీ చేస్తే 1,500 రూపాయల దాకా వేయవచ్చు. అంతకుముందు ఇది 100, 300 ఉండేది. డ్రైవింగ్ నిబంధనలు మీరారని 177-ఏ కింద రాస్తే 500 నుంచి 1,000 దాకా ఉంటుంది. కోర్టుకు వెళ్లకుండా అక్కడికక్కడే కట్టేసే రాజీ రుసుమును 200వ సెక్షను కింద రాష్ట్రం జీవో ద్వారా నిర్ణయిస్తుంది. దాన్ని కట్టారంటే కేసు అక్కడితో ముగిసినట్టే. కట్టాక మళ్లీ తప్పు లేదని వాదించడం కుదరదు కాబట్టి తొందరపడి ఫోన్‌పే చేసేయకండి.

బండి తీసుకుపోతారా అని భయపడుతున్నారు. నిషేధం ఉన్న చోట పెట్టిన బండిని, లేదా పది గంటలకు మించి వదిలేసిన బండిని లాక్కెళ్లించే అధికారం, చక్రానికి తాళం వేయించే అధికారం 127వ సెక్షను ఇస్తుంది. ఆ ఉత్తర్వు ఇవ్వాల్సింది యూనిఫాంలో ఉన్న, ఆ పరిధి పోలీసు అధికారి. లాక్కెళ్లిన ఖర్చు ఫైన్ కాక యజమాని మీద పడుతుంది. కానీ అది బండి అక్కడ ఉన్నప్పటి మాట. 207వ సెక్షను కింద బండి పట్టుకునే కారణాల్లో రిజిస్ట్రేషన్ లేకపోవడం, లైసెన్సు లేకపోవడం లాంటివి ఉన్నాయి తప్ప పాత పార్కింగ్ చలాన్ లేదు. జైలు మాట అసలే లేదు, టెన్షన్ పడకండి.

కట్టకపోతే చలాన్ కోర్టుకు వెళ్లవచ్చు. జరిమానా మాత్రమే ఉన్న నేరాన్ని కోర్టు ఆరు నెలల్లోగా విచారణకు స్వీకరించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 514వ సెక్షను చెబుతుంది. ఇది విని 'ఆరు నెలలు కళ్లు మూసుకుంటే పోతుంది' అని సలహా ఇచ్చే మేధావులు మన ఊళ్లో తక్కువేం లేరు. సరైన కారణం ఉంటే ఆ గడువును కోర్టు మన్నించగలదు. పైగా కోర్టు సంగతి ఎలా ఉన్నా, సైటులో పెండింగు అలాగే కనబడుతూ ఉంటుంది.

కాబట్టి కార్పొరేషన్ చీటీ ఉండి, ఫొటో మీకు అనుకూలంగా ఉంటే ట్రాఫిక్ పోలీసులకు తెల్లకాగితం మీద అర్జీ రాసి ఇవ్వండి. చీటీ, సమయం ఉన్న ఓపీ కాగితం, అదే చోట మళ్లీ తీసిన ఫొటోలు జతచేసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అప్పటికీ వినకపోతే మేజిస్ట్రేటు ముందు తప్పు ఒప్పుకోనని చెప్పే హక్కు మీకుంది. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను చెబుతోంది. 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. చీటీ ఉత్తదైతే మాత్రం నా మాట విని కట్టేయండి. పని మానుకుని రెండు రోజులు కోర్టుకు తిరిగితే పోయేది ఈ ఫైన్ కంటే ఎక్కువే. లాయరుగా ఈ మాట చెప్పడం నాకు లాభం కాదనుకోండి.

ఆ సెల్లారును మాత్రం వదలొద్దు. అసలు తప్పు మొదలైంది అక్కడే. ప్లానులో పార్కింగ్ అని చూపించి అనుమతి తెచ్చుకున్న చోట ల్యాబు పెట్టడం నిబంధనలకు విరుద్ధం. నగరపాలక సంస్థకు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఆ భవనం మంజూరైన ప్లాను నకలు అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్లానులో పార్కింగ్ అని ఉంటే, ఆ నకలు జతచేసి టౌన్ ప్లానింగ్ విభాగానికి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఫిర్యాదు ఇవ్వండి. నోటిమాటగా వాచ్‌మన్‌తో గొడవపడితే వచ్చేదేమీ లేదు, అతని ఉద్యోగం అతను చేస్తున్నాడు.

ఇప్పుడు నాన్నగారి బండి సంగతి. యజమాని చనిపోతే 30 రోజుల్లోగా ఆ విషయం, బండి తాము వాడుకుంటామన్న విషయం రవాణా శాఖకు తెలపాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 56వ నిబంధన చెబుతుంది. అలా తెలిపినవాళ్లే మూడు నెలలు ఆ బండి వాడుకోవచ్చు. ఆ మూడు నెలల్లోపు ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. మీరు ఏడాదిన్నరగా నడుపుతున్నారు. 'చనిపోయినాయన మీద కేసు ఎలా పెడతారు' అని చలాన్ రద్దు చేయించుకోవచ్చని మీకు ఎవరైనా చెబుతారు. ఆ మాట ఎత్తారో, మీ అంతట మీరే ఈ పెద్ద తప్పును బయటపెట్టుకున్నట్టు.

ఫైన్‌కంటే నాకు భయం వేసేది ఇన్సూరెన్స్ గురించి. పాలసీతో వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, బండి ఎవరి పేరు మీద ఉందో ఆ యజమాని నడుపుతున్నప్పటికే. రేపు పెన్నా వంతెన మీద మీకేమైనా అయితే, దేవుడి దయవల్ల కాకూడదు, ఆ డబ్బు మీ అమ్మగారికి రాదు. ఆ కాగితం మీద ఉన్నది మీ పేరు కాదు.

మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఆర్సీ, అమల్లో ఉన్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి. అమ్మగారు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లందరూ తమకు అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇవ్వాలి. ఆలస్యానికి కొంత రుసుము పడుతుంది. ఆర్సీ మీ పేరుకు మారిన వెంటనే పాలసీని కూడా మార్పించండి. ఫోన్ నంబరు కూడా మీది ఇవ్వండి, ఇకపై మెసేజ్‌లు నాన్నగారి ఫోనుకు వెళ్లవు. చలాన్ పెండింగులో ఉంటే ఈ పేరు మార్పే ఆగిపోవచ్చు. అందుకే అర్జీ ఇచ్చాక రెండు వారాలు చూడండి, కదలిక లేకపోతే కట్టేసి రవాణా కార్యాలయానికి వెళ్లండి.