డాక్టర్ సలహా: ఎంసీవీ 68 అంటే కణాలు పెద్దవా, చిన్నవా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఇంట్లో నూలు వడుకుతాను. నీరసంగా ఉంటోందని రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2, ఎర్ర కణాలు 42 లక్షలు, ఎంసీవీ 68 అని వచ్చింది. కణాలు చిన్నవిగా ఉన్నాయని రాశారు. మా అబ్బాయి సైన్సు పుస్తకంలో ఎర్ర కణం సైజు 7 మైక్రాన్లని ఉంది. ఏడు ఉండాల్సిన చోట అరవై ఎనిమిది ఉంటే చిన్నవెలా అవుతాయి? రిపోర్టు తప్పు వచ్చిందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, పొందూరు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: రిపోర్టు సరైనదేనమ్మా, పుస్తకమూ సరైనదే. పుస్తకంలోని 7 కణం వెడల్పు. రిపోర్టులోని 68 దాని ఘనపరిమాణం, అంటే ఆ కణం ఎంత చోటు పడుతుందన్న లెక్క. బట్టను మీటర్లలో కొలుస్తాం, బిందెలో నీళ్లను లీటర్లలో కొలుస్తాం. ఆ రెండు అంకెలకూ పోలిక కుదరదు కదా. 68 పక్కనున్న చిన్న అక్షరాలు ఫెమ్టోలీటర్‌కి గుర్తు. ఏ రిపోర్టయినా అంకె కంటే ముందు ఆ అక్షరాలు చూడమని అందరికీ చెబుతుంటాను.

మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక మైక్రాన్. అధికారికంగా 1967లోనే ఆ పేరు తీసేసి మైక్రోమీటర్ అన్నారు గానీ, ల్యాబుల్లో పాత పేరే నడుస్తోంది. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో మైక్రాన్ ఉన్న డబ్బాలో పట్టేది ఒక ఫెమ్టోలీటర్. వాలుగ చేప దవడతో మీ ఊళ్లో దువ్వే పత్తినే తీసుకోండి. అందులో ఒక్క పీచు వెడల్పు దాదాపు 15 మైక్రాన్లు. నూలు పోగు సంగతి కాదు, పోగులోని ఒక్క పీచు. రెండు ఎర్ర కణాలు పక్కపక్కన పేరిస్తే ఆ పీచంత అవుతాయి.

ఎంసీవీ మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉండాలి. 90 ఉండాల్సింది 68కి వస్తే దాదాపు పావు వంతు తగ్గినట్టు. కణం ఆకారం మారలేదనుకుంటే, వెడల్పు 7.5 మైక్రాన్ల నుంచి 6.8కి వస్తుందంతే. వెడల్పుతో పాటు మందం కూడా తగ్గుతుంది కాబట్టి ఘనపరిమాణంలో తేడా పెద్దదిగా కనిపిస్తుంది. మైక్రోస్కోపు కింద ఇంత చిన్న తేడాను పట్టడానికి చిన్న లింఫోసైట్ అనే తెల్ల కణం కేంద్రకాన్ని పక్కన కొలబద్దగా పెట్టుకుంటారు.

ఇక అసలు సంగతి. కణంలో నింపడానికి హిమోగ్లోబిన్ చాలకపోతే కణం చిన్నదవుతుంది. ఎక్కువమందిలో కారణం ఐరన్ లోపం, కొందరిలో తలసీమియా లక్షణం, అంటే తల్లిదండ్రుల నుంచి జన్యువుల్లో వచ్చే హిమోగ్లోబిన్ లోపం. ఈ రెండింటిలో ఏదో అంచనా వేయడానికి ఎంసీవీని ఎర్ర కణాల సంఖ్యతో భాగిస్తాం. 42 లక్షలంటే 4.2 మిలియన్లు. 68ని 4.2తో భాగిస్తే 16 వచ్చింది. 13 దాటితే ఐరన్ లోపాన్నే ముందు అనుమానిస్తాం. అయినా ఈ లెక్కతో తేల్చేయకూడదు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా? మీ డాక్టరుతో మొహమాటపడకుండా చెప్పండి. మలం నల్లగా వచ్చినా, నడిస్తే ఆయాసం వచ్చినా ఆలస్యం చేయొద్దు.

ఐరన్ మాత్రలు రాసిస్తే టీతో వేసుకోకండి, నిమ్మరసం నీళ్లతో మంచిది. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా సాధారణంగా మూడు నెలలు వాడమంటాం, మధ్యలో ఆపేయొద్దు. ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. పాత చిన్న కణాలు పోయి కొత్తవి నిండేదాకా ఎంసీవీ నెమ్మదిగానే పెరుగుతుంది. మళ్లీ పరీక్షకు వెళ్లేటప్పుడు ఈ రిపోర్టు కూడా పట్టుకెళ్లండి.