ఇంటి నుంచి కదలలేని పరిస్థితిలో చదవడానికి తెలుగు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

నిరుడు వానాకాలంలో మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద జారిపడి చీలమండ విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు కట్టు, కట్టు విప్పాక ఇంకో నెల ఇంట్లోనే. మాది తెనాలి. మొదటి వారమంతా ఫోన్‌లో రీల్స్ చూసి తలనొప్పి తెచ్చుకున్నాను. ఇంట్లో ఉన్న పుస్తకాలేమో పిల్లల గైడ్లు, ఒక పంచాంగం. మీరు అడిగిన ప్రశ్నే నేనూ మంచం మీద పడుకుని అడుక్కున్నాను.

ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) అనే ఉచిత వెబ్‌సైటులో తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. చాలా వరకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో మన లైబ్రరీల అలమారాల నుంచి తీసి స్కాన్ చేసినవే. ఈ సంగతి చాలామందికి తెలుసు. కానీ వెళ్లి వెతికి, ఏమీ లేవని వెనక్కి వచ్చేస్తారు. మొదటి రోజు నేనూ అంతే. చిక్కంతా పేర్లలో ఉంది. ఎక్కించినవాళ్లు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు, అదీ ఒకలా కాదు. దీర్ఘానికి ఒకచోట రెండు ‘ఎ’లు, ఇంకోచోట ఒకటే. సున్నా వచ్చినచోట ‘ఎన్’ పక్కన ఒక కొటేషన్ గుర్తు. ‘శ్రీ’ అనే ఒక్క అక్షరాన్నే నాలుగు రకాలుగా చూశాను. రచయిత పేరు ఉండాల్సిన చోట ఒక్కోసారి ఇంకెవరి పేరో ఉంటుంది. ఒకసారి వంటల పుస్తకం అనుకుని తెరిస్తే పశువైద్యం వచ్చింది. (పది పేజీలు చదివాను, బాగానే ఉంది.)

అందుకని పూర్తి పేరు కొట్టకండి. దీర్ఘాలు, సున్నాలు, ఒత్తులు లేని ముక్క ఒకటి తీసుకుని, ఇంగ్లీషు అక్షరాల్లోనే దానితో వెతకండి. పక్కనుండే భాషల జాబితాలో తెలుగు టిక్ పెట్టుకోండి. దొరక్కపోతే రచయిత ఇంటిపేరుతో, అదీ రెండు మూడు స్పెల్లింగుల్లో. దొరికాక పీడీఎఫ్ దించుకోండి, టెక్స్ట్ జోలికి వెళ్లకండి. ఈ పాత స్కాన్ల నుంచి తీసిన తెలుగు టెక్స్ట్ చదవడానికి పనికిరాదు. దించిన వెంటనే చివరి పేజీలు ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. ఈ జాగ్రత్త నాకు రెండు నవలలు సగంలో ఆగిపోయాక వచ్చింది.

భారతి అనే పాత సాహిత్య పత్రిక సంచికలు కూడా స్కాన్ చేసినవి దొరుకుతాయి. 1924లో మొదలై 1991 దాకా వచ్చిన పత్రిక అది. కథ కోసం తెరిచి పక్కనున్న ప్రకటనలు చదువుతూ కూర్చుంటే మధ్యాహ్నం గడిచిపోయేది. కథలే కావాలంటే శ్రీకాకుళంలో కథారచయిత కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది. వాళ్ల వెబ్‌సైటులో రచయిత పేరు తెలుగులోనే వెతకొచ్చు, నాకు అదే పెద్ద హాయి.

మా అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయింది, స్కాన్ పేజీలు ఆమె చదవలేదు. ఆమెకు తెలుగు వికీసోర్స్ పనికొచ్చింది. అక్కడ పుస్తకాన్ని టెక్స్ట్‌గా మార్చి, మనుషులు కూర్చుని తప్పులు దిద్దుతారు. కాబట్టి అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు. పేజీ నంబరు ఆకుపచ్చగా ఉంటే ఇద్దరు సరిచూశారని, పసుపైతే ఒకరు చూశారని, ఎరుపైతే ఇంకా దిద్దలేదని. ఎరుపు పేజీలతో అమ్మ నన్ను సతాయించింది.

పాతవే ఎందుకు ఉచితం అంటే, మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు, 2022 నుంచి ఆయన కథలు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. ఇప్పుడు రాస్తున్నవాళ్ల పుస్తకాలు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. నేను వాటిని దించుకోను. సొంత డబ్బు పెట్టి పుస్తకం వేసుకుని, ఇంట్లో కట్టలు పేర్చుకున్న రచయితలు నాకు తెలుసు. కొత్తవి కొనుక్కోండి. (నాకు ఒక ఆన్‌లైన్ షాపువాళ్లు రెండో భాగాన్ని రెండుసార్లు పంపారు, మొదటి భాగం ఇప్పటికీ రాలేదు. అది వేరే గొడవ.)

విజయవాడలో ఉద్యోగం చేసే మా బావమరిదిని లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులకు పంపాను. వాడికి పుస్తకాల గురించి ఏమీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. వరసల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టేవాడు, కావలసినవాటి చుట్టూ నేను గీత గీసి తిరిగి పంపేవాణ్ని. ఊళ్లోని శాఖా గ్రంథాలయానికి మా ఆవిడ వెళ్లొచ్చేది. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఎలాగూ కడుతున్నాం. సభ్యత్వం తీసుకుని పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవడానికి మొహమాటం దేనికి?

అన్నిటికంటే నాకు కలిసొచ్చింది మాత్రం మా పై అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచరమ్మ గారు. నన్ను పరామర్శించడానికి వచ్చినప్పుడు మాటల్లో పుస్తకాల సంగతి చెప్పాను. మర్నాడు వాళ్లబ్బాయి అటక మీది నుంచి ఒక అట్టపెట్టె దించి తెచ్చాడు. అందులో వారపత్రికల నుంచి చించి, దారంతో కుట్టి, అట్ట వేయించిన సీరియళ్లు తొమ్మిది. ఒకప్పుడు మన ఇళ్లలో ఇది మామూలే కదా. పేజీకి ఒకవైపు మన సీరియల్, వెనకవైపు ఇంకెవరిదో సగం కథ, తలనూనె ప్రకటన, వారఫలాలు. బొమ్మల కింద ఆవిడ పెన్సిల్‌తో తేదీ వేసుకున్నారు. మీ చుట్టుపక్కల అరవై దాటినవాళ్లు ఎవరైనా ఉంటే సిగ్గుపడకుండా అడగండి. పడేయలేక, చదివేవాళ్లు లేక దాచుకున్నవి బయటికొస్తాయి.

వాటిలో ఒకదానికి ఆఖరి వారం లేదు. ఏమవుతుందండీ అని అడిగితే టీచరమ్మ గారు పెళ్లవుతుందన్నారు. వాళ్ల చెల్లెలు గుంటూరు నుంచి ఫోన్ చేసి, పెళ్లెక్కడిది, ఆ పిల్ల రైలెక్కి వెళ్లిపోతుందని చెప్పింది. అక్కాచెల్లెళ్లు ఇంకా తేల్చుకోలేదు. నేను నడుస్తున్నాను గానీ, ఆ సంచిక కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను.